పత్తిపూల పెళ్ళిపందిరి

చెల్లి పెళ్ళి ద్రాక్షతోటలో చెయ్యాలన్న కోరిక మాది కాదు, మగపెళ్ళివారిది. తొంభైల చివర్లో అద్దంకి దగ్గర మా పెదనాన్న ద్రాక్ష వేశాడు. ఆ సంగతి విని, పెళ్ళి ఆ తోటలోనే జరగాలని పట్టుబట్టారు. కార్తీకంలో కాయ ఉండదని, కొమ్మలు కత్తిరించాక అప్పుడప్పుడే చిగురు వస్తుందని పెదనాన్న చెబితే, మొహమాటానికి అంటున్నాడనుకున్నారు.

పందిరి అలంకరణ మావాళ్ళు నాకప్పగించారు. అందరి ముందూ అప్పగించారు. తర్వాత ఆ మాటే అననట్టు ప్రవర్తించారు.

పెళ్ళికి ముందు పొద్దునపూట రోజూ ఆ తోటలో తిరిగాను. మంచు విడిచేవేళ రాతి స్తంభాల మధ్య, తీగల మీద, లేత ఆకుల్లోంచి వెలుతురు పచ్చటి నీళ్ళలా దిగేది. ఆకుల సందున ఆవగింజలంత పూత. ముక్కు ఆనిస్తేగాని తెలియని వాసన. అంత మెత్తటి చోట బంతిపూల తోరణాలు కడితే ఎవరో అరిచినట్టుంటుందనిపించింది. నాకు కావలసిన పూలు గట్టు అవతల మా చేలోనే ఉన్నాయి. పత్తిపూలు. వెన్నరంగు రేకులు, వెలుగు ఇవతలికి కనిపించేంత పల్చన.

మా వైపు పత్తిపువ్వు ఎవరూ కొయ్యరు. పువ్వు కోస్తే కాయ పోయినట్టే. చిన్నప్పుడు ఒక్కటి తల్లో పెట్టుకున్నందుకు నాన్న చాన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. నేనది మర్చిపోలేదు. ఈసారి అడిగితే చేను వంక చూస్తూ నిలబడ్డాడు. ఆ ఏడు కాయ తొలిచే పచ్చపురుగు దిగి, ఏ మందుకీ చావలేదు.

"కోసుకో. పురుగు కంటే నువ్వే నయం," అన్నాడు.

పెళ్ళిరోజు తెల్లవారుతూనే ఇత్తడి గంగాళాల్లో నీళ్ళు పోసి పత్తిపూలు తేలేలా వేశాను. స్తంభాలకు మరువం చుట్టాను. పైన ఏమీ కట్టలేదు. నీళ్ళలో ఆకుల నీడలు కదులుతుంటే పూలు నిద్రలో నడుస్తున్నట్టుంది. చెల్లి పసుపు కాళ్ళతో వచ్చి చూసి, గొంతు తగ్గించి, "కలలోకి వచ్చినట్టుందే అక్కా," అంది.

అప్పుడు పెళ్ళికొడుకు అక్క గుంటూరు నుంచి వచ్చి కారు దిగింది.

"ద్రాక్షపళ్ళేవి వదినా?"

"ఇది కాపు కాలం కాదండి."

"పోనీ, ఈ పూలేంటి?"

"మా చేలో పత్తిపూలు."

"బాగుంది. తర్వాత మా వాడి చేత దూది కూడా ఏరిస్తారా?"

అందరూ నవ్వారు. మా వాళ్ళూ నవ్వారు, ఎవరెవరో నాకు గుర్తే. కారు అద్దంకి వెళ్ళి బంతి దండలు, ప్లాస్టిక్ ద్రాక్షగుత్తులు తెచ్చింది. నిజం తీగకు ఆ గుత్తుల్ని స్టూలెక్కి కట్టింది మా నాన్నే. నా గంగాళాలు వంటవాళ్ళ వెనక్కి పోయాయి.

చెల్లి చెయ్యి పట్టుకున్నాను. "పూలు ఉంచమని ఒక్క మాట చెప్పవే."

"పోనీలే అక్కా. ఇవాళ్టికి వదిలెయ్."

వదల్లేదు. ఫొటోలకు నిలబడలేదు. గంగాళాల పక్కనే కూర్చున్నాను. సన్నాయి ఎక్కడో నీటి అడుగు నుంచి వస్తున్నట్టు వినిపించింది. తలంబ్రాలు పోసుకుంటున్నారని నవ్వుల్ని బట్టి తెలిసింది.

పత్తిపువ్వు పొద్దున వెన్నరంగులో విచ్చుకుని, పొద్దు వాలేసరికి గులాబీ రంగుకు తిరుగుతుంది. నేను పందిట్లో చూడాలనుకున్నది అదే. అది వంటపొయ్యిల వెనక జరిగింది. అంచుల నుంచి లోపలికి, సిగ్గు పాకినట్టు, గంగాళాలన్నీ ఎర్రబడ్డాయి. పొగ కూడా ఆ రంగు పట్టినట్టే ఉంది.

అప్పగింతలయ్యాక చేతులు కడుక్కోవడానికి పెళ్ళికొడుకు అక్క అటు వచ్చింది.

"ఈ గులాబీరంగువి ఎప్పుడు తెప్పించారొదినా? పొద్దునే పెట్టాల్సింది. నాలుగివ్వండి, తల్లో పెట్టుకుంటా."

"ఇవ్వనండి."

"అదేంటి?"

"పెళ్ళికని కోసినవి. పెళ్ళైపోయింది."

ఆమె వెనకే చెల్లి ఉంది. నన్ను చూసి కారెక్కింది. దుమ్ము అణిగాక ఆ పూలను నీళ్ళతో సహా తీగల మొదళ్ళలో పోశాను.

"ఆ నాలుగు పూలూ ఇచ్చుంటే అత్తారింట్లో నా మొదటిరోజు ఇంకోలా ఉండేది," అని చెల్లి ఇప్పటికీ అంటుంది. ఉండేదేమో. పొద్దున తను ఒక్క మాట అనుంటే నా రోజు కూడా ఇంకోలా ఉండేది.