రైలు బొమ్మ కాగితాలు

నా చిన్నప్పుడు మా ఇంటికి చదువుకోదగ్గ కాగితమంటూ వచ్చేది ద్రాక్షల కాలంలోనే. మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్లే దారిలో మాకు తోట ఉండేది. తొంభైల మొదట్లో ఆ చుట్టుపక్కల ఎటు చూసినా ద్రాక్ష పందిళ్లే. కాయ కోతకొచ్చిందంటే మా నాయిన పట్నం పోయి పాత కాగితాల మూటలు తెచ్చేవాడు. చెక్కపెట్టె అడుగున ఆ కాగితాలు పరిచి, గుత్తులు పేర్చి, పైన ఇంకో కాగితం కప్పి మేకులు కొట్టేవాళ్లు. ఎవరో చదివి పడేసిన పేపర్లు, వారపత్రికలు, పరీక్షలైపోయిన పిల్లల పుస్తకాలు, అన్నీ మా పండ్ల కింద మార్కెట్‌కు పోయేవి.

అవి పోయేలోపే చదివెయ్యాలి. ఆ తొందర మా ఇంట్లో మా మేనత్త ఒక్కదానికే ఉండేది. మామయ్య జబ్బుచేసి పోయాక ఆమె తన అన్న దగ్గరికి, అంటే మా ఇంటికి వచ్చేసింది. పెట్టెల్లో కాగితం పరిచే పని అడిగి మరీ తీసుకుంది. ఎందుకడిగిందో అందరికీ తెలుసు. ఒక కాగితం పరిచేది, ఒకటి చదివేది. "పండ్లు కుళ్లిపోతయ్ గని ఈమె సదువు ఒడువది" అని మా అమ్మ విసుక్కునేది. అత్త నవ్వి, చేతిలోది పూర్తిచేసి గానీ లేచేది కాదు. నాకు అక్షరాలు నేర్పింది బడే అయినా, చదవడం ఎంత ఇష్టమైన పనో తెలిసింది మాత్రం పెట్టెలు నింపే ఆ షెడ్డులో ఆమె పక్కన కూచునే.

ఆ మూటల్లోంచి అత్త ఒక సీరియల్ ఏరుకుంటూ ఉండేది. తప్పిపోయిన తమ్ముడిని వెతుక్కుంటూ రైళ్లెక్కి ఊళ్లు తిరిగే ఒక అక్క కథ అది. ప్రతి భాగం నెత్తిన చిన్న రైలు బొమ్మ ఉండేది. భాగాలు వరుసగా దొరుకుతాయా? అయిదోది ముందు దొరికితే, రెండోది మరుసటేడు దొరికేది. దొరికినప్పుడల్లా కట్ట కుట్టు విప్పి, దాన్ని దాని చోట పెట్టి, మళ్లీ దబ్బనంతో కుట్టేది. అలా కొన్నేళ్లు కూడబెట్టింది. సాయంత్రాలు అందులోంచి నాకు చదివి వినిపించేది. నాయిన అవతల మంచం మీద పడుకుని ఉండేవాడు, వింటున్నాడో లేదో తెలిసేది కాదు. ఒక్క చివరి భాగం మాత్రం ఆమెకు దొరకనే లేదు. ఆ ఇంట్లో ఇది నాది అని ఆమె చెప్పుకోగలిగింది ఆ కాగితాల కట్ట ఒక్కటే.

ఒకనాడు మధ్యలో అప్పటిదాకా దొరకని భాగం ఒకటి దొరికిందని షెడ్డులోనే కుట్టు విప్పి కూచుంది. అప్పుడే ఆకాశం నల్లబడింది. రాళ్లవాన పడితే ఏడాది కష్టం నేలపాలే. కోసిందంతా పెట్టెలకెక్కించి లారీ పంపెయ్యాలని నాయిన కేకలు వేశాడు. అత్త కాగితాలు అక్కడే వదిలి బుట్టలు మోయడానికి పరుగెత్తింది. షెడ్డులో పరిచే కాగితం అయిపోయింది. నాయిన చేతికందినవి తీసుకుని పరిచాడు. ఆయనకు సంతకం తప్ప అక్షరం రాదు, ఏ కాగితమైనా ఆయనకు కాగితమే. లారీ పోయాక వాన మొదలైంది.

తడిసి వచ్చిన అత్త షెడ్డంతా చూసి, "అన్నా, ఈడ నా కాయిదాలుండె గద" అంది.

"పెట్టెలల్లకు పోయినయ్ చెల్లె" అన్నాడు నాయిన, అటు తిరిగి.

ఆమె ఏడ్చి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. ఏడవలేదు. మర్నాటి నుంచి కాగితాలను చూడకుండా పరవడం మొదలుపెట్టింది. అక్షరం కిందికా పైకా అని కూడా చూసేది కాదు. పని చకచకా అయిపోయేది, అమ్మకు సణగడానికి ఏమీ మిగల్లేదు. సాయంత్రాలు కథ లేదు. నాయిన తలవంచుకుని తిని లేచిపోయేవాడు. చెల్లెలి ముందు తప్పైందనే మనిషి కాదాయన. ఆ ఇంట్లో అన్నం సయించని రోజులవి. నాకు ఇద్దరి మీదా కోపం వచ్చేది.

కొన్నాళ్లకు నాయిన పట్నం నుంచి చీకటిపడే వేళకు వచ్చాడు. చంకలో కాగితాల కట్ట. తెచ్చి అత్త ఒళ్లో పెట్టాడు. "రద్దీ కాయిదాల దుకాన్లన్ని తిరిగిన. రైలు బొమ్మ ఉన్నయన్ని ఏరుకొచ్చిన. సూడు చెల్లె, అవేనా."

నేను ఆమె భుజం మీంచి తొంగిచూశాను. పైన ఉన్నది బిస్కెట్ల ప్రకటన, అందులో పొగ వదులుతూ ఒక రైలు. దాని కింద రైలు ప్రమాదం గురించిన వార్త. ఆ కింద, రైలును స్టేషనుకు చేర్చండి అని పిల్లలకిచ్చే గళ్ల ఆట. నేను నోరు తెరిచేలోపే అత్త నా తొడ మీద గట్టిగా గిల్లింది. నాయిన వైపు చూసి, "అవే అన్నా. యాడ దొరికినయ్?" అంది. నాయిన మొహం తేలికపడింది. కాళ్లు కడుక్కుని వచ్చి గడప మీద కూచున్నాడు. "సదువు, నేను గూడ వింట" అన్నాడు.

ఆమె బిస్కెట్ల ప్రకటన మీద చూపు పెట్టి, తమ్ముడిని వెతికే అక్క కథ మొదటి నుంచి చదివింది. పత్రికలో ఎక్కడ ఆగేదో అక్కడే ఆపి, మిగతాది రేపు అనేది. ఎండాకాలమంతా అలాగే చదివింది. పోయిన కట్ట ఆమెకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. నాకు మొదట ఆశ్చర్యంగా ఉండేది, తర్వాత భయమేసింది, చివరికి ఎందుకో ఏడుపొచ్చేది. దొరకని చివరి భాగం కూడా చదివేసింది. అందులో తమ్ముడు దొరుకుతాడు గానీ అక్కను గుర్తుపట్టడు. ఆమె కూడా చెప్పదు. పక్కన కూచుని, కడుపునిండా అన్నం పెట్టి, మళ్లీ రైలెక్కుతుంది.

ఆ తర్వాత మా ఇంట్లో కలిసొచ్చిందేమీ లేదు. బోర్లు ఎండిపోయాయి. పందిళ్లు పీకేసి, వాటిని మోసిన రాతి కడీలు అమ్మేసి, నేలను ప్లాట్లు చేశారు. అత్తకు కామెర్లు ముదిరాయి. తోట పోయిన ఏడాదే ఆమె కూడా పోయింది. ఆమె సందుగలో రెండు చీరల కింద ఆ రైలు బొమ్మ కాగితాలు దొరికాయి. నాయినకు వాటి సంగతి తెలియనివ్వకూడదని గబగబా మడతపెట్టబోయాను. ఆయన నా చేతిలోంచి తీసుకున్నాడు.

"ఇవి గా కాయిదాలు గావని నాకెర్కనే బిడ్డా" అన్నాడు. "ఎండకాలమంత సదివె, ఒక్కపారన్న కాయిదం తిప్పలే."

మరి అప్పుడే ఎందుకు అనలేదని అడిగాను.

"అంటే సదువుడు బంద్ జేస్తుండె" అన్నాడు.

పక్కనే కూచుని, చదువు వచ్చి కూడా, ఆమె కాగితం తిప్పలేదని నేను గమనించలేదు. చదువురాని మా నాయిన గమనించాడు. గమనించీ రోజూ వచ్చి గడప మీద కూచున్నాడు. ఒకరి కోసం ఒకరు అంత బరువు మోసి, ఒక్క మాట అనుకోకుండానే విడిపోయారు. దానికి నాకు ఇప్పటికీ దుఃఖంగానే ఉంటుంది. ఎవరైనా ప్రేమగా నేనడగని పుస్తకం తెచ్చి చేతిలో పెడితే, ఇదే కావాలనుకున్నాను అంటాను. అని, తప్పకుండా చదువుతాను.

ఇప్పుడు ద్రాక్షలు ఎక్కడినుంచో అట్టపెట్టెల్లో వస్తున్నాయి, అడుగున ప్లాస్టిక్ కవరు వేసి. అక్కడ చదవడానికేమీ ఉండదని తెలుసు. అయినా కొన్నప్పుడల్లా గుత్తులు పక్కకు జరిపి, నా చెయ్యి అడుగుదాకా పోతుంది.