సైకిలు మెడలో చప్పుడు

పిలవకముందే వినేవాడికి, పలకనట్టు ఉంటూనే పక్కన నడిచేవాడికి, ఆ శ్రీమన్నారాయణుడికి ముందుగా నా నమస్కారం. నాకు అర్థం కానిదాన్ని కూడా ఆయన చిత్తమని ఒప్పుకునే బుద్ధి కొంతైనా ఇచ్చినందుకు ఆయనకు స్తుతి. ఆ బుద్ధి నాకు పూర్తిగా రాలేదు. వచ్చినంతవరకు ఆయన దయే.

తెనాలిలో మా నాన్నది సైకిల్ షాపు. ఆ షాపులో పని, పూజ వేరువేరుగా ఉండేవి కావు. పొద్దున స్వామి నామాలు చదివిన నోటితోనే నాన్న రోజంతా ట్యూబులకు గాలి పరీక్షించేవాడు. ఏకాదశి ఏకాదశికీ భజన సమాజం షాపు వెనక వసారాలో కూర్చునేది. నాకు వచ్చిన శాస్త్రమంతా ఆ వసారాలో, పెద్దలు చెబుతుంటే తాళాలు చేతిలో పట్టుకుని కంఠతా పట్టిందే.

మా షాపు నుంచి కొత్త సైకిలు బయటికి వెళ్లేటప్పుడు పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు హ్యాండిల్ మెడ మీద పోసేవాళ్లం. మనిషిని తిప్పేది మెడ, బండిని తిప్పేదీ మెడే, అక్కడే అభిషేకం అనేవాడు నాన్న. ఆయనకు ఇంకో అలవాటు కూడా ఉండేది. ఏ నట్టు బిగించినా, చేతికి ఆగిపోయిన తర్వాత, ‘గోవిందా’ అని ఇంకొక్క పట్టు పట్టేవాడు. మనం బిగించింది మనది, ఆఖరి పట్టు ఆయనది అనేవాడు. ఇనుప సైకిళ్లు అన్నిటినీ ఓర్చుకునేవి. అలా బిగించిన నట్టు ఊడి ఎవరూ పడిపోయినట్టు నేను వినలేదు.

నాన్న పోయాక షాపు నా చేతికి వచ్చింది. అప్పటికి మా చెల్లెలు కాలేజీలో చదువుతోంది. సైకిలు మీదే పెరిగిన పిల్ల. రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్లయింది, సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకీ వస్తున్నాయి. మామూలు ఇనుప సైకిలు మీద జిల్లా పోటీలో అది మొదట రావడం చూసి, విజయవాడలో ఒక డాక్టరు గారు తాను తొక్కి పక్కన పెట్టేసిన కార్బన్ సైకిలు దానికి ఇచ్చేశారు. నల్లగా, సన్నగా ఉండేది. ఒక చేత్తో ఎత్తితే లేచేది. తెనాలిలో అలాంటిది ఇంకొకటి లేదు. మా వీధివాళ్లు వచ్చి వేలితో కొట్టి చూసి, ప్లాస్టిక్కేమో అని చెప్పుకుని వెళ్లారు.

ఆ ఏడు తప్పితే చెల్లెలికి వయసు దాటిపోతుంది. బాపట్లలో జరిగే ఎంపిక పోటీలో మొదటి ముగ్గురిలో ఉంటే శిక్షణ హాస్టల్లో సీటు, ఆ తర్వాత ఆటగాళ్ల కోటాలో ఉద్యోగానికి దారి. లేకపోతే అంతటితో సరి. ఈ సంగతి ఇంట్లో ఎవరూ పైకి అనేవాళ్లం కాదు. అమ్మ మాత్రం దీపం పెట్టేటప్పుడు పెదాలు కదిలించేది.

నేను నా వంతు చేశాను. ప్రతి ఏకాదశికీ, అది సాధనకు బయలుదేరేముందు, ఆ సైకిలుకు పసుపు రాసి కొబ్బరినీళ్లు మెడ మీద పోశాను. ఏడెనిమిది నెలలు అలా జరిగింది.

వానలు వెనకబట్టాక చప్పుడు మొదలైంది. లేచి నిలబడి తొక్కినప్పుడల్లా కిర్రుమనేది. మొదట పెడల్ అనుకుని విప్పాను. తర్వాత సీటు అనుకున్నాను. వారం రోజులు దాని చుట్టూ తిరిగాను. ఆఖరికి ముందు బ్రేకు గట్టిగా పట్టుకుని బండిని ముందుకూ వెనక్కూ ఊపితే, మెడ దగ్గర పెట్టిన వేలికి కదలిక తగిలింది. మెడలో పైన ఒకటి, కింద ఒకటి బేరింగులు ఉంటాయి. ఇనుప సైకిలులో అయితే గోళీలు నేనే మార్చేవాణ్ణి. ఇది తెరవడానికి నాకు ధైర్యం చాలలేదు.

రేపల్లెలో పడవ ఇంజన్లు బాగుచేసే పెద్దాయన ఒకరు ఉండేవారు. అడవులదీవి వైపు వేటపడవల ఇంజన్లన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. బేరింగంటే ఆయనే అని ఎవరో చెబితే, సైకిలును రైల్లో వేసుకుని చెల్లెలూ నేనూ వెళ్లాం. ఆయన హ్యాండిల్ని పట్టి ఉంచే స్టెమ్ వదులుచేసి, పై మూత తీసి, బేరింగును వేలి మీద తిప్పి చూశారు. తిరగలేదు. దాని చుట్టూ పసుపుపచ్చటి ముద్ద, ముద్ద కింద తుప్పు.

“ఏంటండి ఇది, పులిహోర కలిపారా ఇందులో?” అన్నారు.

చెల్లెలు నవ్వింది. నేను పసుపు సంగతి, కొబ్బరినీళ్ల సంగతి చెప్పాను. ఆయన మాత్రం నవ్వలేదు.

“ఉప్పునీళ్లలో తిరిగే పడవలకి కూడా ఇంత తుప్పు నేను చూళ్లేదు గురువు గారూ. దేవుడికి పెట్టేది దేవుడికి పెట్టండి. దీనికి గ్రీజు పెట్టండి.”

కిరసనాయిల్లో కడిగి, తుప్పు వదిలించి, నీళ్లకు చెదరని పడవల గ్రీజు నింపి మళ్లీ కూర్చోబెట్టారు. బిగించే పద్ధతి కూడా దగ్గర కూర్చోబెట్టి చూపించారు. ముందు పై మూత మర మెల్లగా తిప్పి కదలిక పోయేలా చేయాలి. ఆ తర్వాతే స్టెమ్ పక్క మరలు బిగించాలి. ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు గొట్టం మెడలోంచి పైకొచ్చి స్టెమ్‌లో దూరుతుంది, అదీ కార్బనే కాబట్టి దాన్ని గుడ్డు పెంకు అనుకోవాలి. చేతికి ఆగిందా, అక్కడితో ఆపెయ్యాలి. ఈ మాట ఆయన రెండుసార్లు చెప్పారు.

చెల్లెలు రేపల్లె నుంచి తొక్కుకుంటూనే వస్తానంది. తెలిసినవాళ్ల స్కూటరు తీసుకుని నేను వెనక బయలుదేరాను. భట్టిప్రోలు దాటాక లేచి నిలబడి తొక్కింది. చప్పుడు లేదు. వేమూరు దాకా చెవి ఒగ్గి వెంట వచ్చాను. కాలువ గట్టున గాలి, గొలుసు తిరిగే సన్నటి సవ్వడి తప్ప ఇంకేమీ వినపడలేదు. ఈ జన్మలో నేను మనసారా స్వామికి కృతజ్ఞత చెప్పుకున్నది ఆ దారిలోనే.

పోటీ రెండు రోజుల్లో ఉందనగా చెల్లెలు సాధన నుంచి వచ్చి, గుంతలో పడ్డప్పుడు మెడ దగ్గర కొంచెం టక్కుమంది అంది. తన అనుమానమేమోలే అని కూడా అంది. నేను ఊపి చూశాను. వెంట్రుకంత కదలిక ఉంది. కొత్త గ్రీజు సర్దుకుని ఉంటుంది. స్టెమ్ వదులుచేసి, పై మూతను పావు చుట్టు తిప్పితే పోయింది. పక్క మరలు బిగించాను. చేతికి ఆగాయి.

అక్కడ ఆపాలి. రేపల్లె పెద్దాయన మాట చెవిలోనే ఉంది. కానీ ఆ ఆఖరి పట్టు లేకుండా పంపిస్తే పిల్లను స్వామికి అప్పగించకుండానే పంపినట్టు అనిపించింది. షాపులో నాన్న ఫోటో కింద నిలబడి ఉన్నాను. ‘గోవిందా’ అని పట్టాను. సన్నటి చప్పుడు ఒకటి వచ్చింది. మర కూర్చున్న చప్పుడు అనుకున్నాను.

పోటీ రోజు పొద్దున్నే బాపట్లలో దిగాం. సూర్యలంక సముద్రం వైపు వెళ్లే రోడ్డు మీద పోటీ. చెల్లెలు ఒళ్లు వేడెక్కడానికి రెండు చుట్లు తొక్కి వచ్చి నా ముందు ఆగింది.

“మళ్లీ వస్తోంది అన్నయ్యా. ఈసారి వేరేగా ఉంది.”

రోడ్డు పక్కన సైకిలు ఆనించి స్టెమ్ పైకి తీశాను. లోపలి నల్లటి గొట్టం మీద, మర పట్టిన చోట, తెల్లటి గీత సగం చుట్టూ తిరిగి ఉంది. గోటితో తాకితే గోరు దిగింది.

గోరు అక్కడే ఉంచి, రెండో చేతిలోని స్టెమ్ వైపు చూశాను. ఆ నిమిషంలో నా మనసులో ఏం తిరిగిందో ఇక్కడ రాయకపోతే ఈ రాత అబద్ధమవుతుంది. స్టెమ్ మళ్లీ తొడిగితే గీత కనపడదు. పోటీ పొడుగు తక్కువే. స్వామి మీద భారం వేసి పంపిద్దామా అనుకున్నాను. భారం వేయడం గురించి సమాజంలో గంటసేపు చెప్పగలిగినవాణ్ణి. తెలిసిన ప్రమాదాన్ని ఆయన నెత్తిన పెట్టడం భారం వేయడం కాదని ఎన్నిసార్లు చెప్పానో. ఆ చెప్పిన మాటే నన్ను ఆపింది. అంతకుమించి నాలో మంచి ఏమీ లేదు.

గీత చూపించి, ఇది తొక్కితే గొట్టం విరిగి మొహం రోడ్డుకు తగులుతుందమ్మా అని చెప్పాను.

చెల్లెలు వంగి చాలాసేపు చూసింది. “నువ్వు బిగించావా?”

“అవునమ్మా.”

“గోవిందా అని బిగించావా?”

తల ఊపాను.

ఇంకో సైకిలు కోసం పరిగెత్తాను. పోటీ నడిపే పెద్దలు ఎవరిదైనా తెచ్చుకోవచ్చన్నారు. చివరికి దొరికింది నా కంటే పొడుగు మనిషిది. సీటు పూర్తిగా దించినా చెల్లెలి కాలు పెడల్‌కు అందలేదు. చెల్లెలి పేరు మూడుసార్లు పిలిచారు. మూడోసారి నేను చెయ్యెత్తి లేదండి, రావడం లేదండి అని చెప్పాను. మిగతావాళ్లు కదిలి వెళ్లిపోయారు. రోడ్డు ఖాళీ అయ్యాక సముద్రం మోత వినపడింది.

తిరుగు రైల్లో అది కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నేను రెండుసార్లు మంచినీళ్లు ఇచ్చాను, తీసుకోలేదు. పొన్నూరు దగ్గర రైలు ఆగినప్పుడు, నా వైపు చూడకుండానే అంది.

“ఇంకెప్పుడూ నాకోసం దండం పెట్టకు అన్నయ్యా.”

సమాజంలో అందరూ ఓదార్చారు. గట్టిగా బిగించబట్టే లోపం ముందే బయటపడింది, స్వామి కాపాడాడు అన్నారు. వాళ్ల ప్రేమ నాకు తెలుసు. కానీ అది నిజం కాదు. గొట్టం పగిలింది నా పట్టు వల్లే. ఆఖరి పట్టు ఆయనది అంటూ పట్టిన చెయ్యి నాది. ఆయనకు నిజంగా వదిలిపెట్టినవాడైతే, చేతికి ఆగినచోట ఆపేసి ఉండేవాణ్ణి. ఆ తర్వాత ఏకాదశికి తాళాలు పట్టుకుని కూర్చుంటే నామం గొంతు దాటి రాలేదు. చాలా నెలలు పెదాలు కదిపాను అంతే. ఇప్పుడు వస్తుంది, కానీ వచ్చేటప్పుడు ఆ గీత మీద గోరు దిగినట్టే ఉంటుంది.

చెల్లెలు ఇప్పుడు పెళ్లయి రేపల్లెలో ఉంటోంది. మందుల షాపులో లెక్కలు చూస్తుంది. మా మధ్య తగవు లేదు. పండక్కి వస్తుంది, అమ్మతో నవ్వుతూ మాట్లాడుతుంది, నాకు ఇష్టమని గోంగూర తెస్తుంది. ప్రసాదం చేతిలో పెడితే వద్దనదు. తీసుకుని కిటికీ గట్టు మీద పెట్టి మర్చిపోయినట్టు వెళ్లిపోతుంది. దేవుడి గది గడప దాటి ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా లోపలికి రాలేదు. చిన్నప్పుడు సమాజంలో అందరికంటే గొంతెత్తి పాడిన పిల్ల అది. పోటీ పోయిందని నాకు ఏడుపు రాదిప్పుడు. నేను చేసిన తప్పుకు ఆ పిల్ల ఆయన్ను దూరం పెట్టింది. అది నేను దిద్దలేను. క్షమించమని నా మట్టుకు నేను దాన్ని అడుక్కోగలను కానీ, ఆయన తరఫున దానితో మాట్లాడే నోరు నాకు లేదు.

అందుకే చదువుతున్న మిమ్మల్ని అడుగుతున్నాను. మీరు ఏ పేరుతో ఆయన్ను పిలిచినా సరే, ఒక్క నిమిషం నాతోపాటు కళ్లు మూసుకోండి. నా కోసం ఏమీ అడగొద్దు. స్వామీ, ఆ పిల్ల కోపం నా మీదిది, నీ మీద పెట్టుకుంది, నువ్వు దాన్ని వదలకు అని అడగండి. నేను ఇన్నేళ్లుగా ఒక్కణ్ణే అడుగుతున్నాను. నా గొంతు ఒక్కటే చాలడం లేదు.