బంతి రాని చోట

మా అబ్బాయి కాలేజీ నుంచి ఫోన్ చేసి, "అమ్మా, కోచ్ చనిపోయింది" అన్నాడు. తెలుగు క్రియలతో వాడికెప్పుడూ తికమకే. ఈసారి సరిదిద్దబుద్ధి కాలేదు.

మేముండే నేపర్‌విల్‌లో వాడి హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌లో టైట్ ఎండ్‌లకు నేర్పేవారాయన. ప్రాక్టీస్ అయ్యాక ఆఖరి కారు కదిలేదాకా పార్కింగ్ లాట్‌లో పల్లీలు నములుతూ నిలబడేవారు. టైట్ ఎండ్ అంటే ఏమిటో నాకక్కడే చెప్పారు. మీలోనూ చాలామందికి తెలియకపోవచ్చు. ఎదుటివాళ్లను అడ్డుకునే భారీ కుర్రాళ్ల వరుసలో చివర నిలబడతాడు. ఒకసారి వాళ్లలాగే అడ్డుకోవాలి, ఇంకోసారి పరుగెత్తి బంతి పట్టాలి. "పట్టినప్పుడు ఊరంతా చూస్తుంది. అడ్డుకున్నప్పుడు నేను చూస్తాను" అనేవారు పిల్లలతో.

హైస్కూల్లో మావాడి ఆఖరి మ్యాచ్‌కి, తమ టీమ్‌లోకి తీసుకోవచ్చా అని వాణ్ణి చూడ్డానికి ఒక కాలేజీ నుంచి మనిషొచ్చాడు. మనవాళ్లు వెనకబడి ఉన్నారు. ఇంకొక్క ప్రయత్నానికే సమయముంది. బంతి విసరాల్సిన క్వార్టర్‌బ్యాక్ భుజానికి దెబ్బ తగిలి, మానాక అప్పుడే మళ్లీ దిగాడు. అవతలి టీమ్‌లో ఒక ఆజానుబాహువు పదేపదే అతని మీదికే దూసుకొస్తున్నాడు.

బంతి మావాడికే అనుకుని లేచి నిలబడ్డాం. మా ఆయన నా చెయ్యి నొప్పెట్టేలా పట్టుకున్నారు. కోచ్ మావాణ్ణి దగ్గరికి లాక్కుని ఏదో చెప్పారు. వాడు తల అడ్డంగా ఊపాడు. ఆయన మళ్లీ చెప్పారు. వాడు వెళ్లి వరుసలో నిలబడ్డాడు.

ఆట మొదలైంది. మావాడు పరుగెత్తలేదు. ఆ ఆజానుబాహువుకి ఎదురు నిలిచాడు. మడమలు గడ్డిలో వెనక్కి జారుతున్నా వదల్లేదు. బంతి ఇంకొకరి వైపు వెళ్లి, అతని వేళ్లకు తగిలి కింద పడింది. ఓడిపోయాం.

మా ఆయన విసవిసా కిందికి దిగి, ఆ బంతి మావాడికి ఎందుకివ్వలేదని నిలదీశారు. కోచ్ గొంతు పెంచలేదు. బంతి విసిరిన కుర్రాణ్ణి చూపించారు.

"అతను తన కాళ్ల మీద నడుచుకుంటూ ఇంటికి వెళ్తున్నాడు. మీ అబ్బాయి అడ్డు నిలిచాడు కాబట్టి."



ఆ కాలేజీ నుంచి పిలుపు రాలేదు. ఆ బాధ మా ఇంట్లో చాలాకాలం ఉంది. మావాడు మాత్రం సెలవులకి వచ్చినప్పుడల్లా ముందు ఆయన దగ్గరికే వెళ్లేవాడు.

అంత్యక్రియల రోజు మంచు కురిసింది. ఆయన దగ్గర టైట్ ఎండ్ ఆడినవాళ్లే పేటిక మోశారు. వాళ్లలో జుట్టు నెరిసినవాళ్లూ ఉన్నారు. మావాడు వెనక కొస పట్టుకున్నాడు. చర్చి మెట్లు దిగుతుంటే వాళ్ల భుజాల మీద, కనురెప్పల మీద మంచు పేరుకుంటోంది. దులుపుకోవడానికి ఎవరి చెయ్యీ ఖాళీగా లేదు.