మనుషుల్లేని ఊరు, ఊరులేని మనుషులు

1968 వేసవిలో నేను టెక్కలి తాలూకాలో రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా ఉండగా, తాసిల్దారు గారు నాకో పని అప్పగించారు. జిల్లా గురించి పుస్తకం వేస్తున్నారట. ఉద్దానం గ్రామాల భౌగోళికం, చరిత్ర, జనాభా రాసి పంపమన్నారు. చరిత్ర ఎక్కడ దొరుకుతుందని అడిగితే కరణాన్ని అడగమన్నారు.

సైకిలు మీద తిరుగుతుంటే జీడితోటల మధ్య ఒక ఊరు తగిలింది. పేరు రాయను, ఇప్పుడది మర్యాదగల ఊరు. సరిహద్దు రాళ్ళున్నాయి, ఇళ్ళకు కేటాయించిన గ్రామకంఠం ఉంది, మనుషులు మాత్రం లేరు. ఇలా ఖాళీ అయిపోయినదాన్ని మా శాఖలో బేచిరాకు గ్రామం అంటారు. జనం పోయినా జాబితాలో ఊరు పోదు. అక్కడికి మైలు పైచిలుకు దూరంలో, సముద్రపు ఒడ్డున, జాలర్ల పల్లె ఉంది. పిల్లాజెల్లా, పడవలు, కోళ్ళు అన్నీ ఉన్నాయి. జాబితాలో పల్లె లేదు.

పల్లెపెద్ద నూకన్న మంచినీళ్ళ బావి కోసం సమితి ఆఫీసు చుట్టూ తిరిగి అలిసిపోయాడు. లేని ఊరికి బావి ఎలా ఇస్తామని వాళ్ళు నిజాయితీగానే అడిగారట. వేసవిలో ఇసకలో తవ్విన చెలమలు ఉప్పెక్కిపోతాయి. ఆ నీళ్ళే తాగి పిల్లలు విరేచనాలతో మంచం పట్టారు. నూకన్న మనవరాలు నేను వెళ్ళేసరికి ఇంకా లేవలేదు. ఆ పిల్లను చూస్తే నాకు ఒళ్ళు మండింది.

నూకన్న మాత్రం నిదానంగా చెప్పాడు. "మేం పేనాలతో ఉన్నాం గాని కాయితంలో నేం. ఆ ఊరు కాయితంలో ఉంది గాని మనుషుల్నేరు. రెండూ కలిపీండి బాబూ."

కలిపేశాను. బేచిరాకు ఊరి పేరు కింద పల్లె జనాభా రాసి, బావి అవసరమని సిఫారసు చేశాను. తాసిల్దారు గారికి అనుమానం వచ్చి తనిఖీకి బయల్దేరారు. నూకన్నకు ముందే కబురందినట్టుంది, మేం ఆ ఖాళీ ఊరు చేరేసరికి జీడిచెట్ల మీద వలలు ఆరుతున్నాయి, పొయ్యిల మీద చేపల కూర ఉడుకుతోంది. ఎప్పట్నుంచి ఉంటున్నారని ఆయన నూకన్న తల్లిని అడిగారు.

"మీరొచ్చే ముందునుంచీ ఇక్కడే ఉన్నాం బాబూ," అంది ముసలమ్మ.

ఆయన సంతోషించి, 'గ్రామం ప్రాచీనమైనది' అని నా నోట్‌కు తన చేత్తో చేర్చారు. ఆ ఊరి చరిత్ర అంతే.

బావి మంజూరైంది. కాగితంలో ఊరెక్కడుందో అక్కడే, అంటే తోటల్లోనే తవ్వారు. పల్లె ఆడవాళ్ళకు మైలు పైచిలుకు ఇసకలో నడక మిగిలింది. మొహం చూపించలేక నేను ఆ వైపు వెళ్ళడం మానేశాను.

ఆ తర్వాత వచ్చిన తాసిల్దారు గారు లెక్కలు సరిచూసి పంపమన్నారు. రాసిన అబద్ధం కొట్టేయడానికి ఎర్ర సిరా కలం జేబులో పెట్టుకుని వెళ్ళాను. గ్రామకంఠం నిండా తాటాకు ఇళ్ళు! చంటిపిల్లలున్నవాళ్ళు ముందు వచ్చారట, వెనకే మిగతావాళ్ళు. ఒడ్డున పడవలే మిగిలాయి. బావి దగ్గర నూకన్న మనవరాలు చేద లాగుతోంది. నా నోట్‌లో కొట్టేయవలసిన అక్షరం ఒక్కటీ లేదు.

రెవెన్యూ శాఖలో నేను నేర్చుకున్నదిదే. పాత రిపోర్టులో తప్పు దిద్దే ముందు మళ్ళీ ఒకసారి వెళ్ళి చూడాలి. ఈలోగా అది నిజమైపోయి ఉండవచ్చు.