బతికున్న ఎలుగుబంటి వెంట్రుక

మా అమ్మాయికి స్కూల్ బస్సంటే హడలు. నిజానికి బస్సంటే కాదు, దాని తలుపంటే. అది తెరుచుకునేటప్పుడు 'ఫుస్స్'మని గాలి వదులుతుంది చూడండి, ఆ చప్పుడుకి పిల్ల పైప్రాణాలు పైనే పోయేవి. వాళ్ళమ్మ చీర కుచ్చెళ్ళు పట్టుకుందంటే విడిపించడానికి ఇద్దరం కావాలి. చివరికి రోజూ నేనే కార్లో దిగబెట్టేవాణ్ణి. అలా దిగబెట్టినా క్లాసులో నోరు మెదిపేది కాదు. ఇంట్లో మాత్రం వాగుడుకాయ. సెప్టెంబరులో కిండర్‌గార్టెన్‌లో చేరితే, థాంక్స్‌గివింగ్ దగ్గరికొచ్చినా టీచరమ్మ దాని గొంతు వినలేదు.

ఒకరోజు ఆవిడ నన్ను పిలిపించింది. క్రిస్మస్ సెలవులయ్యాక కూడా ఇలాగే ఉంటే, మాటలు రాని పిల్లల స్కూలుకి మార్చక తప్పదని మర్యాదగానే చెప్పింది.

"దానికి మాటలు వచ్చండీ. రెండు భాషల్లో వచ్చు. మీ దగ్గరే రావు" అన్నాను.

ఆవిడ జాలిగా తలూపింది. వచ్చిన ప్రతి తండ్రీ ఇదే చెబుతాడు కాబోలు.

ఇంటికొచ్చి మా ఆవిడతో చెబితే ముందు ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "ఇది దడుపండీ. ఎలుగుబంటి వెంట్రుక కట్టాలి" అంది.

మా వైపు ఎలుగుబంటిని ఆడించేవాడు వీధిలోకి వస్తే, దడుచుకున్న పిల్లల్ని దాని వీపు మీద కూర్చోబెట్టి, వెంట్రుక ఒకటి పీకించి, తాయెత్తులో పెట్టి మెళ్ళో కట్టేవాళ్ళు. నాకూ కట్టారు. పనిచేసిందో లేదో చెప్పలేను గానీ, పెద్దయ్యాక ధైర్యంగా పెళ్ళి చేసుకున్నాను.

"ఇది అమెరికాలో షాంటిలీ, మన ఊరు కాదు. ఇక్కడ వీధిలోకి ఐస్‌క్రీం బండి తప్ప ఏదీ రాదు" అన్నాను.

"పిల్ల మీది కాదా?" అంది. ఆ మాటకి ఇంజనీరింగ్‌లో జవాబు లేదు. నేను చదివింది వంతెనలు కట్టే చదువు.

శనివారం జూకి వెళ్ళి అడిగాను. అక్కడి మనిషి నా మాట పూర్తిగా విని, కంచెకి కాస్త దూరంగా నిలబడమన్నాడు. నేను వెళ్ళేదాకా నా వెనకే తిరిగాడు.

సోమవారం ఆఫీసులో మా సర్వేయరుకి చెప్పాను. ఆరడుగుల పైమాట మనిషి. మాట మాత్రం పిసరంత. ఏటా చలికాలం మొదట్లో పడమటి కొండల్లోకి ఎలుగుబంటి వేటకి వెళ్ళేవాడు. అతని రైఫిల్లో ఒక్క తూటాయే పడుతుంది. కింద ఉన్న మీట లాగితే వెనక నోరు తెరుచుకుంటుంది. తూటా చేత్తో పెట్టి, మూసి, కాల్చాలి. ఇంకోటి కాల్చాలంటే మళ్ళీ ఓనమాల నుంచీ మొదలు. అందరూ ఐదారు తూటాలు పట్టే రైఫిళ్ళు పట్టుకెళ్తుంటే నీకిదేం పిచ్చయ్యా అని అడిగాను.

"వెనకాల రెండోది ఉందని తెలిస్తే మొదటిదాన్ని అశ్రద్ధగా కాలుస్తాం" అన్నాడు. అన్నదానికి కట్టుబడ్డాడు కూడా. ఏ జంతువు మీదా రెండో తూటా వాడి ఎరగడు. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పుకోడు, కానీ ఆఫీసులో తెలియనివాళ్ళు లేరు.

నా అవసరం విని అతను నవ్వలేదు. "మాంసం, తోలు నావి. వెంట్రుకలు నీవి. ఎన్ని కావాలి?"

"ఒకటి చాలు."

"ఆశపోతువి కాదన్నమాట" అన్నాడు. అతను వేసిన జోకుల్లో నేను విన్నది అదొక్కటే.

నన్నూ వెంట రమ్మన్నాడు. వేటకి వెళ్ళేవాళ్ళు నారింజరంగు చొక్కా తొడుక్కోవాలట, ఒకళ్ళనొకళ్ళు కాల్చుకోకుండా. అతనిచ్చిన చొక్కా నాకు మోకాళ్ళదాకా వచ్చింది. మా ఆవిడ ఎగాదిగా చూసి, "సన్యాసం పుచ్చుకున్నారా ఏంటండీ?" అంది. అంతటితో వదల్లేదు. అతను కారు స్టార్ట్ చేశాక పరిగెత్తుకొచ్చి అద్దం మీద కొట్టింది.

"ఏవండోయ్, చచ్చినదాని వెంట్రుక పనికిరాదు. బతికున్నదాందే కావాలి. మా నాయనమ్మ మరీమరీ చెప్పేది."

"ఓసి నీ దుంప తెగ! అతను వెళ్ళేదే చంపడానికే!"

"అయితే చంపేలోపల పీకండి" అని లోపలికి వెళ్ళిపోయింది.

దారిపొడుగునా అదే ఆలోచన. అతనికి చెబుదామనుకున్నాను. ఎలుగుబంటి వెంట్రుక కావాలన్నప్పుడు నవ్వని మనిషి, బతికున్నదాందే కావాలంటే కారు వెనక్కి తిప్పేస్తాడేమోనని భయపడి ఊరుకున్నాను.

ఓక్ చెట్ల కింద రాలిన కాయలు తినడానికి ఎలుగుబంట్లు దిగే చోటొకటి అతనికి తెలుసు. దానికి ఎగువన ఒక రాతి పక్కన కూర్చున్నాం. చలికి నా పళ్ళు టకటకలాడుతుంటే అతను ఒక్క చూపు చూశాడు. నోట్లో రుమాలు కుక్కుకున్నాను. అప్పుడు చెవిలో మెల్లగా అన్నాడు, ఇంగ్లీషులోనే అన్నాడు, నేను తెలుగులో చెబుతున్నాను: "నేను కాల్చాక నా చేతిలో ఉండేది ఉట్టి కర్ర. మళ్ళీ తూటా పెట్టుకుని, చాలాసేపు చూసి, అప్పుడు వెళ్తాం. పడిపోయింది కదా అని లేవకు. పడ్డ ఎలుగుబంటే అసలు ప్రమాదం."

సరేనన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

ఎండ చెట్ల మధ్యకి దిగుతుండగా వచ్చింది. మా వీధిలో ఆడినదానికీ దీనికీ పోలికే లేదు. అది బక్కచిక్కి, ముక్కుకి తాడుతో, మనిషి వెనక మనిషిలా నడిచేది. ఇది నల్లగా నిగనిగలాడుతూ, కొండంతా తన బాబుగారిదే అన్నట్టు వచ్చి, కాయలు ఏరుకుని కటకట నమిలింది. ముచ్చటేసింది. దాన్ని చంపుతారన్న సంగతి అప్పుడు తట్టి కొంచెం బాధేసింది కూడా. అతను మీట లాగి, తూటా పెట్టి, మూశాడు. ఊపిరి వదిలి కాల్చాడు.

ఎలుగుబంటి ముందుకాళ్ళ మీద కూలి పక్కకి ఒరిగింది. పొట్ట ఇంకా ఎగసిపడుతోంది. నాకు మా అమ్మాయి కనిపించింది. మా ఆవిడ వాళ్ళ నాయనమ్మ మాట వినిపించింది, మా ఆవిడ గొంతుతోనే. ఇంకో క్షణం ఆగితే చచ్చినదాని వెంట్రుక అయిపోతుంది. లేచి పరిగెత్తాను.

వెనక నుంచి కేక వినిపించింది. ఆ మితభాషి అంత పెద్ద గొంతుతో అరవగలడని నాకు తెలియదు. ఎలుగుబంటి భుజం దగ్గర జుట్టు గుప్పిట పట్టి లాగాను. రాలేదు. రెండు చేతులతో పట్టుకుని కాలు తన్నిపెట్టి లాగాను. కుచ్చు ఊడొచ్చింది, దాని తలకాయ కూడా లేచింది. అది నా మొహంలోకి 'ఫుస్స్'మని ఊదింది. వేడిగా, ఓక్ కాయల వాసనతో. ముందుకాళ్ళు కూడదీసుకుంటోంది. అతని చేతిలో కర్ర మళ్ళీ రైఫిలయిందో లేదో తెలియదు. అయినా మధ్యలో నేనున్నాను.

అలాంటప్పుడు మనిషి దేవుణ్ణి తలుచుకుంటాడంటారు. నేను ఎలుగుబంటితో, "తప్పయిపోయిందండీ, ఒక్కటే అనుకున్నానండీ" అన్నాను. అండీ లేకుండా మాట్లాడే ధైర్యం లేకపోయింది. ఆకుల్లో కూలబడ్డాను. నా తల మీదుగా రెండో తూటా వెళ్ళింది.

ఎలుగుబంటి మళ్ళీ కదల్లేదు. ఈసారి అతను వెంటనే దగ్గరికొచ్చాడు. మొహం సున్నం కొట్టినట్టుంది. తిడతాడనుకున్నాను, కొట్టినా పడదామనుకున్నాను. రైఫిల్ మీట లాగాడు. ఖాళీ ఇత్తడి గొట్టం ఆకుల్లో పడింది. దాన్ని తీసి, చల్లారేదాకా అటూ ఇటూ తిప్పి, నా చేతిలో పెట్టాడు.

"ఇది నాది కాదు. నీది" అన్నాడు.

గుమ్మంలోనే మా ఆవిడ అడిగింది. "బతికుండగానే పీకారా?"

"బతికే ఉంది. నాతో మాట్లాడింది కూడా."

"ఏమందేమిటి?"

"ఫుస్స్ అంది."

తాయెత్తుకి రేకు ఎక్కడ దొరుకుతుంది? ఆ ఇత్తడి గొట్టంలోనే మా ఆవిడ వెంట్రుకలు కూరి, కొవ్వొత్తి మైనంతో మూతి మూసి, నల్లతాడు కట్టి పిల్ల మెళ్ళో వేసింది. ఆదివారం వంటింట్లో ప్రెషర్ కుక్కర్ కూత పెడితే నేను కాఫీ గ్లాసు వదిలేశాను. చెయ్యి జారిందన్నాను. మా ఆవిడ నమ్మినట్టు తల తిప్పుకుంది.

సోమవారం పొద్దున్నే ముగ్గురం బస్‌స్టాపుకి వెళ్ళాం. తాయెత్తు మెళ్ళో ఉంది. పిల్ల చేతులు మాత్రం ఎప్పటిలాగే వాళ్ళమ్మ కుచ్చెళ్ళలోనే ఉన్నాయి. "ఏం భయం లేదమ్మా, నాన్న ఉన్నాడుగా" అన్నాను, ఎప్పుడూ అనేదే. మలుపు తిరిగి బస్సొచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది.

ఫుస్స్.

చూసేసరికి నేను నేల మీద ఉన్నాను. పక్కింటివాళ్ళ మెయిల్‌బాక్సు స్తంభాన్ని రెండు చేతులా కౌగిలించుకుని గడ్డిలో కూర్చున్నాను. ఒళ్ళంతా చెమట. బస్సులో పిల్లలందరూ కిటికీలకి మొహాలు ఆనించి చూస్తున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా స్తంభాన్ని వదల్లేదు.

మా అమ్మాయి కుచ్చెళ్ళు వదిలింది. నా దగ్గరికొచ్చి మొహంలో మొహం పెట్టి చూసింది.

"నాన్నా, నీకూ భయమేసిందా?"

అబద్ధం చెప్పడానికి ఓపిక లేకపోయింది. "ఆఁ. చాలా వేసిందమ్మా."

 అది మెళ్ళోంచి తాడు తీసి నా తలకి వేసింది. అది పిల్లల కొలత. నా చెవుల దగ్గర ఇరుక్కుపోయి, తూటా గొట్టం నుదుటి మీద వేలాడింది. సర్దిచూసింది, దిగలేదు. చాల్లే అన్నట్టు నా తల మీద తట్టి, బస్సు దగ్గరికి నడిచి మెట్టెక్కింది.

బస్సు నడిపే ఆవిడ స్టీరింగు మీదుగా వంగి నన్ను చూసి, "ఆయన బాగానే ఉన్నాడా?" అని ఇంగ్లీషులో అడిగింది. ఎవర్ని అడిగిందో గానీ, మా ఆవిడ నోరు తెరిచేలోపలే జవాబు వచ్చింది. బస్సంతా వినిపించేటట్టు, సెప్టెంబరు నుంచీ ఆ స్కూలువాళ్ళెవరూ వినని గొంతు.

"హి ఈజ్ ఓకే. దట్స్ మై నాన్న. హి ఈజ్ జస్ట్ స్కేర్డ్."

తలుపు ఫుస్స్‌మని మూసుకుంది. నేను స్తంభాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాను. బస్సు వెళ్ళిపోయాక మా ఆవిడ వచ్చి పక్కన గడ్డిలో కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా ఊగిపోయింది. తాడు తీసేయబోతే నా చెయ్యి పట్టుకుంది.

"ఉంచుకోండి" అంది. "దానికిక అక్కర్లేదు."