ఛాతీ మీద రెండు చెంచాలు

మా బావ ముప్పై ఏళ్ళు గుర్రపు పోలీసుగా పనిచేశాడు. మనుషుల మధ్య నోట్లో నాలుక లేనట్టుండేవాడు గానీ, గుర్రమెక్కితే ఆ నోరు మూతపడేది కాదు. "ఇదిగో, పక్కన బస్సొస్తోంది, మనకేం కాదు. ఆ సైకిలువాడి సంగతి నాకొదిలెయ్" అని దారి పొడుగునా దానితో గొణుగుతూనే ఉండేవాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మా అక్కతో అందులో పదోవంతు కూడా మాట్లాడి ఉండడు. ఈ మాట నాది కాదు, అక్కదే.

నేను అదే దళంలో దర్జీని. లాయం వెనక దుస్తుల గదిలో నా కుట్టుమిషను ఉండేది. చొక్కా భుజాలు సరిచేయడం, ఊడిన గుండీలు కుట్టడం, పరేడు ముందు పతకాల పట్టీలు బిగించడం నా పని. పతకం వేలెడు పక్కకు జరిగినా తిట్లు నాకే పడేవి కాబట్టి, వాటి మీద నాకు పెద్ద భక్తి లేదు.

బావ గుర్రాన్ని అందరూ గడసరి అనేవారు. రికార్డుల్లో దానికో నంబరుంది, అది గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఒకసారి స్టేడియం గేటు దగ్గర జనం ఒక్కసారిగా తోసుకొచ్చారు. ముందున్నవాళ్ళు ఇనుప గేటుకి అతుక్కుపోయి ఊపిరాడక అరుస్తున్నారు. బావ గడసరిని జనానికి అడ్డంగా నిలబెట్టాడు. అరగంట అది గోడలా నిలబడింది. ఎవడో విసిరిన సీసా దాని ఎడమ కంటికి తగిలింది, అయినా కదల్లేదు. ఆ కన్ను పోయింది. బావకి సాహస పతకం వచ్చింది. దెబ్బ దానికీ బిళ్ళ ఈయనకీ అని నేను అప్పట్లో నోరు జారితే, బావ వారం రోజులు నాతో మాట్లాడలేదు. నేనన్నది తప్పని కాదు, ఆయన మనసులో ఉన్నదే అన్నానని.

ఒంటి కన్ను గుర్రాన్ని దళంలో ఉంచడానికి పైవాళ్ళు ఒక షరతు పెట్టారు. పదిమందిలో ఒక్కసారి బెదిరినా దాని పేరు కొట్టేసి వేలానికి పంపేస్తారు. బావ సంతకం పెట్టాడు. అప్పటినుంచీ ఎడమ వైపు ఏముందో ఆయన చెప్పేవాడు, అది వినేది. అలా మూడేళ్ళు ఏ గొడవా లేకుండా గడిచిపోయాయి.

నాలుగో ఏడు కొత్త కమాండెంటు వచ్చాడు. వార్షిక పరేడులో ప్రతి రౌతూ తనకున్న పతకాలన్నీ పెట్టుకోవాలని ఉత్తర్వు వేశాడు. అంతకుముందు బావని గేటు బయట కాపలాకి వేసేవాళ్ళు, పతకాలు ట్రంకు పెట్టెలో ఉండేవి. ఈసారి రెండు గుర్రాలు కుంటుతున్నాయి, వరుస నిండాలంటే గడసరి తప్పదు. బావకున్నవి రెండు పతకాలు, ఒకటి సాహసానికి, ఒకటి దీర్ఘసేవకి. నేనే కుట్టాను.

మొదటి రిహార్సల్లో గుర్రాలు దుడుకు నడక అందుకోగానే, ఆ రెండు బిళ్ళలూ ఒకదానికొకటి తగిలి టింగుమన్నాయి. పతకాలుండేది ఎడమ ఛాతీ మీద. గడసరికి కనబడనిదీ ఆ పక్కే. పైగా పరేడులో రౌతు పెదవి కదపకూడదు. అది రెండు గజాలు పక్కకి గెంతింది. బావ టోపీ దుమ్ములో పడింది.

స్వారీ మాస్టరు బండరాయి లాంటి మనిషి. దగ్గరికొచ్చి, "ఇది రిహార్సలు కాబట్టి సరిపోయింది. పరేడు రోజు బెదిరిందనుకో, నేను రాసేస్తాను. ఉన్నదున్నట్టు రాయడమే నా పని, తెలుసుగా?" అన్నాడు.

"తెలుసు సార్" అన్నాడు బావ. పరేడుకి ఇరవై రోజులుంది.

ఇందులో ఏముంది, దారంతోనే పనైపోతుంది అనుకున్నాను. పతకాలు కదలకుండా వెనకనుంచి చొక్కాకి నాలుగు కుట్లు వేసి పంపాను. మర్నాడు మాస్టరు వాటి కింద వేలు పెట్టి చూసి, దారం పుటుక్కున తెంపేశాడు. "పతకం వేలాడాలి. ఇది ఏ దర్జీ తెలివి?" అని అరిచాడు. దళంలో ఉన్న దర్జీని నేనొక్కణ్ణే.

ఆ తర్వాత రెండు రోజులకు అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, మీ బావకేమన్నా అయిందేమో చూడరా. నా చెంచాలు రెండు చొక్కాకి కట్టుకుని డ్యూటీకి పోయారు!"

లాయంలోకి వెళ్ళి చూద్దును కదా, పాత చొక్కా జేబు మీద రెండు స్టీలు చెంచాలు వేలాడేసుకుని బావ గుర్రానికి మాలిష్ చేస్తున్నాడు. చెయ్యాడించినప్పుడల్లా టింగు టింగు. నోరు మాత్రం బిగించాడు. దాణా పెట్టినా, నీళ్ళు పెట్టినా, క్యారెట్టు ముక్క అందించినా, ఎడమ వైపునుంచే వస్తున్నాడు, చెంచాలు మోగించుకుంటూ వస్తున్నాడు.

"బావా, వంటింటి సామానుకి కూడా పతకాలిస్తున్నారా?" అన్నాను.

"నవ్వుకోరా, నవ్వుకో. నువ్వు కుట్టిన కుట్లకంటే నయమే" అన్నాడు.

లాయమంతా ఆయనకి చెంచాల సార్ అని పేరు పెట్టేసింది. ఆయన చెవిన వేసుకోలేదు. మొదటి వారం ఆ చప్పుడికి గడసరి చెవులు వెనక్కి పెట్టేది. రెండో వారం చెవులు ముందుకొచ్చాయి. మూడో వారానికి చప్పుడు వినబడితే చాలు, మెడ చాచి సన్నగా సకిలించేది. బావ ముఖం వెలిగిపోయింది. ఈ పాఠం ఎక్కడిదాకా పోతుందో మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

పరేడు రోజు గడసరి చక్కగా నడిచింది. బ్యాండు మోగింది, జెండాలు రెపరెపలాడాయి, పతకాలు టింగుమన్నాయి. అది తల కూడా తిప్పలేదు. గుర్రాలు మైదానం మధ్యలో వరుసగా నిలబడ్డాయి. నేను తాడు బయట నిలబడి గండం గట్టెక్కిందనుకున్నాను.

అప్పుడు ముఖ్య అతిథి తనిఖీకి కిందికి దిగాడు. పెద్దాయన, పాత అధికారి. ఆయన ఛాతీ మీద రెండు వరుసల పతకాలు. గుర్రాల ఎడమ చివరినుంచి మెల్లగా నడుస్తూ వస్తున్నాడు, గలగల గలగల. గడసరి చెవులు నిక్కాయి. మెడ తిప్పింది. సకిలించి, వరుసలోంచి రెండడుగులు ముందుకొచ్చి, మూతి తిన్నగా ఆయన ఛాతీకి ఆనించింది.

కమాండెంటు ముఖం కందగడ్డ అయింది.

"ఏమిటయ్యా ఇది? ఆకలేస్తోందా దీనికి?" అన్నాడు పెద్దాయన. పతకాలకి జొల్లు అంటింది గానీ, వెనక్కి జరగలేదు.

పరేడులో నోరు విప్పకూడని బావ విప్పాడు. "కాదు సార్. ఆ కన్ను కనబడదు సార్. ఈ చప్పుడు వింటే నేననుకుంటుంది."

"కన్ను ఎలా పోయింది?"

"నాకీ పతకం వచ్చిన రోజు పోయింది సార్."

పెద్దాయన బావ పతకం కేసి చూశాడు. గడసరి మూతిని అరచేత్తో నెమ్మదిగా పక్కకి జరిపి, ముందుకి నడిచాడు.

సాయంత్రం దాకా బావ లాయంలోంచి బయటికి రాలేదు. స్వారీ మాస్టరు కాగితం పట్టుకుని వచ్చాడు. కమాండెంటుకి రాసిన రిపోర్టు. పైకే చదివాడు: "గుర్రం వరుస దాటి రెండడుగులు ముందుకు వచ్చింది. బెదరలేదు." చదివి మడత పెట్టాడు. "షరతులో బెదిరితే అని ఉంది. ముందుకొస్తే అని లేదు. ఉన్నదున్నట్టు రాశాను" అని వెళ్ళిపోయాడు. ఆ మనిషిని బండరాయి అన్నందుకు సిగ్గుపడ్డాను.

గడసరి ఉండిపోయింది. రెండేళ్ళ తర్వాత బావే వెళ్ళాడు, రిటైరై. చివరి రోజు ఆయన చొక్కా మీదినుంచి పతకాలు నేనే విప్పి డబ్బాలో పెట్టాను. గడసరిని ఒక కొత్త కానిస్టేబులమ్మాయికి అప్పగించారు. బావ జేబులోంచి చెంచాలు తీసి ఆమె చొక్కాకి కట్టి, "ఎడమ వైపునుంచే వెళ్ళమ్మా" అన్నాడు. ఆమె మోగించుకుంటూ వెళ్ళింది. గడసరి సకిలించి ఆమె చేతిలో మూతి పెట్టింది. బావ పది అడుగుల దూరంలో, ఎడమ వైపే, మాట్లాడకుండా నిలబడ్డాడు. గాలి కూడా గడసరి వైపునుంచి ఆయన వైపుకే వీస్తోంది, ఆయన వాసన దానికి అందదు. అది ఆయన వైపు తిరగలేదు. పిలిస్తే తిరిగేదే. ఆయన పిలవలేదు. నాకు ఏడుపు ఆగలేదు, ఆయనకి కోపమొస్తుందని కంట్లో దుమ్ము పడిందన్నాను.

ఇంటికి రాగానే అక్క పతకాల డబ్బా అందుకుని లోపలికి చూసింది. "ఇవి తెచ్చారు సరే. నా చెంచాలేవండీ?"

"డ్యూటీలో ఉన్నాయి" అన్నాడు బావ, కుర్చీలో కూర్చుని బూట్లు విప్పుకుంటూ.