వదిన వెళ్లని కుస్కో

ఈ వానాకాలం మా వదిన పోయింది. విశాఖ ఆసుపత్రి నుంచి అన్నియ్య ఫోన్ చేసినప్పుడు నేను వాళ్ల అరుగు మీద కూర్చుని మేనకోడలికి జడ వేస్తున్నాను. మా కొండల్లో సిగ్నల్ నిలవదు. “అమ్మీ, మీ వదిన...” అన్నాడు, లైను తెగిపోయింది. ఫోన్ మళ్లీ మోగేదాకా ఆ జడ అల్లుతూనే ఉన్నాను. అయిపోతే విప్పి మళ్లీ మొదలుపెట్టాను. పిల్ల వెనక్కి తిరిగి నా ముఖం చూడకూడదని.

మీలో ఆమెను ఎరిగినవాళ్లు ఉండరు. అరకు దగ్గర ఒక కొండ ఊళ్లో కాఫీ, మిరియాలు, మీరు రాగులనే చోళ్లు పండించుకున్న మనిషి. నిలబడే అన్నం తినేది. పండిన కాఫీ కాయను నోట్లో వేసుకుని తీపి చూశాకే కోతకు దిగేది. ఎవరినైనా ఏదైనా అడిగేసేది. సంతలో వర్తకుడినీ అడిగేది, బ్యాంకులో మేనేజరునీ అడిగేది. నేను మొహమాటపడి చెయ్యి లాగితే, “అడిగితే ఏటవుద్ది? నేదంతారు, అంతే గదా” అనేది. చలికాలం వస్తే మాత్రం ఆ నోరు మూతపడేది. చేతులు, మోకాళ్లు వాచిపోయేవి. ఏమైందంటే “మంచు పట్టింది” అని దుప్పటి కప్పుకునేది. చిన్నప్పటి నుంచీ అంతేనని మేమూ వదిలేసేవాళ్లం.

ఒక ఏడాది మా కాఫీ మహిళల సంఘానికి పెరూ దేశం నుంచి పిలుపొచ్చింది. కొండల్లో కాఫీ పండించే ఆడవాళ్లంతా కుస్కో అనే ఊళ్లో కలుస్తారట. మా సంఘం నుంచి ఇద్దరిని పంపాలి. అందరూ వదిన పేరు, నా పేరు చెప్పారు. మేమిద్దరం అప్పటికి విశాఖ దాటి ఎరగం.

ఫోన్లో ఆ ఊరి ఫొటోలు పెట్టుకుని పొయ్యి దగ్గర కూర్చున్నాం.

“మన అరకు కంటే ఎత్తేటి?” అంది.

“మూడు అరకులు ఒకదాని మీదొకటి పెట్టినా అందదంట వదినా. అక్కడ గాలి పలచగా ఉంటదంట. ఊపిరి ఆడదంట.”

“నీకు ఆడదేమో. నాను పుట్టిందే కొండ మీద.”

ఆ మర్నాటి నుంచి పొద్దున్నే నన్ను లేపి కొండ ఎక్కించేది. సంతలో ఇద్దరికీ ఒకే రంగు స్వెట్టర్లు ఎంచింది. విమానంలో కిటికీ పక్కన ఎవరు కూర్చోవాలో కూడా ముందే తేల్చేసింది. ఆమే.

అంత ఎత్తుకు వెళ్లేవాళ్లు వైద్య పరీక్ష చేయించుకోవాలన్నారు. చేయించుకున్నాం. ఫలితాలు వచ్చిన రోజు డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి, నాకు ఏమీ లేదని చెప్పి, వదిన వైపు తిరిగింది.

“అమ్మా, నీకు చలికాలంలో ఒళ్లు నొప్పులు వస్తాయా?”

వదిన చేతులు కొంగు కిందికి లాక్కుంది. వస్తాయని నేను చెప్పాను.

ఆమెది సికిల్ సెల్ జబ్బు. గుండ్రంగా ఉండాల్సిన రక్తకణాలు కొడవలిలా వంగిపోయి సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయని, అందుకే ఆ నొప్పులని డాక్టరమ్మ నెమ్మదిగా వివరించింది. గాలి పలచబడే చోట అది ప్రాణం మీదికి వస్తుందంది. “అంత ఎత్తుకు నిన్ను పంపలేను. ఇక్కడే ఉండి మందులు మొదలుపెడదాం.”

ఆటోలో తిరిగొచ్చాం. ఊరి మలుపు దగ్గర దిగాక నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు ఇంకా గుర్తుంది.

“మీ అన్నకి సెప్పకు.”

“వదినా...”

“సెప్పకు. నాను ఎల్తాను.”

“నాను సెప్పను. గానీ అన్నియ్య అడిగితే అబద్ధం ఆడనేను.”

చెయ్యి విసిరేసి ముందు నడిచింది.

ఆ తర్వాతి రోజుల్లో వదిన బ్యాగు సర్దుతూనే ఉంది. అన్నియ్య నవ్వుతూ అందరికీ చెప్పుకుంటున్నాడు, నా పెళ్లాం విమానం ఎక్కుతోందని. నేను వాళ్లింటి వైపు వెళ్లడం తగ్గించాను. అన్నియ్య ఎదురైతే ఎక్కడ అడుగుతాడోనని పక్క దారి పట్టేదాన్ని.

ఒక రోజు వదిన నన్ను సంఘం ఆఫీసుకు రమ్మంది. అక్కడి మేడమ్ చేత పెరూ వాళ్లకు ఫోన్ చేయించి, తన ప్రశ్న చెప్పించింది. కాఫీ అంత ఎత్తున పండదు గదా, తోటలు కిందనే ఉంటాయి గదా, మరి మీటింగు కిందనే పెట్టొచ్చు గదా? అవతలి వాళ్లు నవ్వలేదు. తోటలు కిందే ఉన్నాయన్నారు. కానీ కుస్కో నుంచి ఆ తోటలకు పోవాలంటే అంతకంటే ఎత్తయిన కనుమ దాటాలట. వదిన మేడమ్ ముఖంలోకే చూస్తూ ఆ మాట మొత్తం విని, “సరే, దండాలు సెప్పండి” అని లేచి వచ్చేసింది. వీసాలు వచ్చాయి. అప్పటికీ వెళ్లనని అనలేదు.

అది కాఫీ కోతల కాలం. ఒక పొద్దున మంచు విడవకముందే తోటకు పోయాను. సిల్వర్ ఓక్ చెట్టు మొదట్లో వదిన ముడుచుకుని కూర్చుని ఉంది. బుట్ట పక్కకు ఒరిగి ఎర్రటి కాయలు వాలు వెంట దొర్లిపోయాయి. వేళ్లు చాపలేకపోతోంది. పెదవి కొరుక్కున్న చోట రక్తం. అన్నియ్యను పిలుస్తానని లేచాను.

“ఉండమ్మీ. ఒక మాట సెప్పాల.” నొప్పి తెర విరిగేదాకా ఆగి అంది. “గుంట కాళ్లు నొప్పులంతంది.”

మా దగ్గర గుంటంటే ఆడపిల్ల, ఏ పిల్లో నాకు అర్థం కాలేదు.

“మన గుంటే. పోయిన సలికాలం నుంచి అంతంది. మంచు పట్టింది, పడుకోమన్నాను. నాకు మా అమ్మ ఏటి సెప్పిందో, అదే సెప్పాను.” అప్పుడు ఏడ్చింది. నొప్పికి ఏడవడం నేనెప్పుడూ చూడని మనిషి. “డాక్టరమ్మ సెప్పిన కాడి నుంచి నాకు తెలుస్తానే ఉంది. గుంటని తీసుకెల్తే అదే అంతారని బయమేసి, ఈ పెరూ పెరూ అని తిరగతన్నాను. పద, మీ అన్నకి నానే సెప్తాను.”

నా భుజం ఆసరాగా పట్టుకుని ఇంటిదాకా నడిచింది. అన్నియ్య చోళ్లు తూర్పారబడుతున్నాడు. చేట దింపించి, తన జబ్బు, పిల్ల నొప్పులు, నా చేత మాట దాచించిన సంగతి, అన్నీ చెప్పింది. ఆయన చేటలోని చోళ్లు గోనెలో పోసి, “గుంటని రేపు బేగి లేపు” అన్నాడు. అంతే.

పరీక్షలో పిల్లకూ అదే జబ్బని తేలింది. చిన్నతనంలోనే తెలిసింది కాబట్టి మందులతో నిలబెట్టవచ్చంది డాక్టరమ్మ. తల్లికీ కూతురికీ ఒకే రోజు మాత్రలు మొదలయ్యాయి. పిల్ల ఆ తర్వాతి చలికాలం బడి మానలేదు. ఈ చలికాలమూ మానదనే అనుకుంటున్నాను.

వదిన పెరూ ప్రయాణం మానుకుంది. నేనూ వెళ్లనన్నాను. ఆమె లేకుండా ఆ విమానం ఎక్కడం నా వల్ల కాదన్నాను. వదినకు కోపం వచ్చింది.

“నాను ఎల్లనేనని నువ్వూ కూకుంతావేటి? మరి మన కాఫీ గురించి అక్కడ ఎవులు సెప్తారు?”

విశాఖ దాకా నాతోనే వచ్చింది. రైలు సొరంగాల్లో దూరినప్పుడల్లా మాట ఆపి, వెలుగు రాగానే ఆపిన చోటి నుంచే మొదలుపెట్టేది. అక్కడి ఆడవాళ్లను ఏమేం అడగాలో చెప్పింది. ఎండబోసిన గింజలను వాన నుంచి ఎలా కాపాడతారు? వాళ్ల పిల్లల రక్తం ఎవరు పరీక్ష చేస్తారు? టైడా స్టేషను దాటాక గొంతు తగ్గించింది. “అక్కడ నొప్పొస్తే దాయకు. నాను దాసాను. ఏటి మిగిలింది?”

కుస్కోలో దిగిన సాయంత్రమే నాకు నొప్పితో తల పగిలిపోయింది, వాంతులయ్యాయి. కొత్త దేశం, నామోషీ. అయినా ఆ మాట గుర్తొచ్చి, మీటింగుకే వచ్చి పక్క గదిలో దిగిన కెన్యా ఆవిడ తలుపు కొట్టాను. ఆమె వెంటనే డాక్టరును పిలిపించింది. ఆక్సిజన్ పెట్టి, పడుకోబెట్టి, తేరుకునేదాకా కదలనివ్వలేదు. చివరి రెండు రోజులు మీటింగులో కూర్చున్నాను. వదిన ప్రశ్నలన్నీ అడిగాను. కొన్నింటికి వాళ్లు జవాబు చెప్పారు. పిల్లల రక్తం ప్రశ్నకు మాత్రం, ఎవరూ చేయరని వాళ్లూ మాలాగే తల అడ్డంగా ఊపారు.

తిరిగొచ్చాక వదిన ఊరికే మాత్రలు మింగుతూ కూర్చోలేదు. సంత రోజున బిడ్డల్ని ఎత్తుకొచ్చిన తల్లులను ఆపి, “సలికి కాళ్లు నొప్పులంతన్నాడేటి గుంటడు?” అని అడిగేది. అవునన్నవాళ్లను పరీక్షకు వెంటబెట్టుకుపోయేది. తిట్టినవాళ్లూ ఉన్నారు. ఆమె మరుసటి సంతకు మళ్లీ అడిగేది. మాత్రలు మానలేదు. ఈ వానల్లో వచ్చిన జ్వరం ఛాతీకి పట్టింది. అన్నియ్య ఆలస్యం చేయకుండానే విశాఖ తీసుకుపోయాడు. అయినా దక్కలేదు.

ఎవరైనా ఆమె మాట ఎత్తితే నాకు కళ్లముందుకొచ్చేది నేను ఊరు చేరిన మర్నాటి పొద్దు. కుస్కో సంగతులు ఇంట్లో వద్దంది, తోట పైకి నడుస్తూ చెప్పమంది. డాక్టరమ్మ చెప్పినట్టు నెమ్మదిగా ఎక్కాం. విమానం నుంచి మొదలుపెట్టి, మంచు కొండలు, రంగు పావడాల ఆడవాళ్లు, అంత ఎత్తున కూడా పచ్చగా ఉన్న బంగాళాదుంప చేలు, ఒక్కొక్కటే చెబుతున్నాను. సగం వాలులో ఆమెకు ఆయాసం వచ్చింది. ఒక చేత్తో కాఫీ కొమ్మ పట్టుకుని, రెండో చెయ్యి ఎత్తి నన్ను ఆగమంది. నేను ఆగాను. కింద లోయలో మంచు కదులుతోంది. ఊపిరి సర్దుకుంటూ, కళ్లు మాత్రం నా మీదే పెట్టి, ఆ చెయ్యి అలాగే ఎత్తి నిలబడింది, ఒక్క ముక్క కూడా తను వినకుండా జారిపోకూడదని.